ఫిల్లెట్ వేరే ఎడ్జ్‌కి పడుతోందా? వదిలెయ్యకు

ప్రశ్న: సార్, మాది చిత్తూరు దగ్గర పల్లె. తిరుపతిలో బీటెక్ మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నాను. ఫ్రీక్యాడ్‌లో (కంప్యూటర్‌లో యంత్రభాగాల డిజైన్ గీసే ఉచిత క్యాడ్ సాఫ్ట్‌వేర్) బ్రాకెట్ తయారుచేసే పైథాన్ స్క్రిప్టు రాశాను. ఒక స్లాట్ (గాడి) చేర్చగానే ఫిల్లెట్, అంటే అంచుని గుండ్రంగా మలచడం, నేను అనుకున్న ఎడ్జ్‌కి (అంచుకి) కాకుండా ఇంకోదానికి పడుతోంది. రెండు నెలలుగా ఇదే టెన్షన్. ఇవన్నీ మానేసి బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు నాన్న. అసలు ఈ పనికి ఉద్యోగాలుంటాయా?

జవాబు: ముందు స్క్రిప్టు చూద్దామమ్మా, ఉద్యోగం మాట అందులోంచే తేలుతుంది.

నువ్వు పంపిన కోడ్‌లో షేప్.ఎడ్జెస్[6] అని ఉంది. అంటే లిస్టులో ఏడో ఎడ్జ్. మామూలు పెట్టెకి 12 ఎడ్జ్‌లు, 6 ఫేస్‌లు (పక్కలు). పైనుంచి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక స్లాట్ కొట్టి చూడు: ఎడ్జ్‌లు 24, ఫేస్‌లు 10 అవుతాయి. పై ఫేస్ రెండు ముక్కలవుతుంది. లిస్టు మళ్ళీ కొత్తగా తయారవుతుంది కాబట్టి ఏడో స్థానంలోకి ఎవరొచ్చి కూర్చున్నారో చెప్పలేం. ఫిల్లెట్ తప్పేమీ చెయ్యలేదు, నువ్వు చెప్పిన నంబరుకే పడింది.

మన పల్లెలో కొత్త పిల్ల కనబడితే పెద్దవాళ్ళు ఏమడుగుతారు? "ఎవరి బిడ్డవమ్మా?" అనే కదా. నీ స్క్రిప్టు కూడా ఎడ్జ్‌ని నంబరు కాకుండా అదే అడగాలి: ఏ ఫేస్‌ల మధ్య పుట్టావని. అలా అడిగే వీలుంది. ఫ్రీక్యాడ్‌కి పునాది ఓపెన్ క్యాస్కేడ్ అనే ఆకారాల లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్. ఒక కట్ చేశాక ఆ ఆపరేషన్‌నే పాత ఫేస్ గురించి మూడు ప్రశ్నలు వెయ్యొచ్చు: ఇది మారి ఏమైంది (మోడిఫైడ్), దీన్నుంచి కొత్తగా ఏం పుట్టింది (జనరేటెడ్), అసలు ఇది ఉందా పోయిందా (ఈజ్ డిలీటెడ్). ఓపెన్ క్యాస్కేడ్‌ని పైథాన్ నుంచి వాడుకునే పైథాన్‌ఓసీసీ నేర్చుకుంటే ఇవి నేరుగా అందుతాయి. 2024 నవంబరులో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0 ఎడ్జ్‌ల, ఫేస్‌ల పేర్లు, నంబర్లు ఇలా మారిపోయే గొడవని చాలావరకు తగ్గించింది. అయినా స్క్రిప్టులో నంబరు చేత్తో రాస్తే ఏ వెర్షనూ కాపాడలేదు.

ఆన్‌షేప్ అనే ఆన్‌లైన్ క్యాడ్‌లోని ఫీచర్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా పట్టు. అందులో స్టార్ట్‌ట్రాకింగ్ అనే ఫంక్షన్ ఉంది. స్కెచ్‌లో ఒక గీతని ఎక్స్‌ట్రూడ్ చేయకముందే (సాగదీసి ఆకారంగా మార్చకముందే) దానికి ట్రాకింగ్ పెట్టాలి. చేశాక అడిగితే ఆ గీత సంతానమంతా వస్తుంది, అందులోంచి ఫేస్‌ని వడకట్టుకుంటావు. తర్వాత స్లాట్ పడి ఆ ఫేస్ రెండైతే రెండూ వస్తాయి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, ఒక్కటే వస్తుందనుకుని మొదటిదాన్ని పట్టుకుని పోతారు. ఇంకోటి, ట్రాకింగ్ ఆపరేషన్‌కి ముందే మొదలుపెట్టాలి, అయిపోయాక పెడితే లాభం లేదు. ఆన్‌షేప్ ఉచిత ఖాతాలో పెట్టినవి అందరికీ కనబడతాయి, కాబట్టి ఇంటర్న్‌షిప్ చేసిన కంపెనీ డ్రాయింగులు అందులో పెట్టకు.

నేను డిజైన్‌లో పనిచేసే రోజుల్లో ఒక కంపెనీలో ఇలాగే నంబరు నమ్ముకుని స్క్రిప్టు రాశాను. సైజు మారినప్పుడు ఛాంఫర్ (అంచుని ఏటవాలుగా కోయడం) సీలు కూర్చునే ఎడ్జ్‌కి పడింది. స్క్రీన్ మీద ఎవరికీ కనబడలేదు, షాప్‌ఫ్లోర్‌లో మిషనింగ్ అయ్యాక కనబడింది. ఆ వారం నా మొహం నేను చూసుకోలేకపోయాను.

ఉద్యోగాలకొస్తే, వీటిని డిజైన్ ఆటోమేషన్ అనో, క్యాడ్ కస్టమైజేషన్ అనో పిలుస్తారు. ఎన్‌ఎక్స్ ఓపెన్, సాలిడ్‌వర్క్స్ ఏపీఐ, క్రియో టూల్‌కిట్ (కంపెనీలు వాడే క్యాడ్‌లకి ప్రోగ్రాములు రాసే సాధనాలు) తెలిసినవాళ్ళని బెంగళూరు, పుణె, చెన్నైలలో ఎక్కువగా తీసుకుంటారు. శ్రీసిటీలో ఫ్యాక్టరీలకి కొదవ లేదు గానీ అక్కడ దొరికేవి చాలావరకు ప్రొడక్షన్, క్వాలిటీ ఉద్యోగాలు. వాటిల్లో చేరినా నష్టం లేదు, జిగ్‌లూ ఫిక్స్చర్లూ (పని చేసేటప్పుడు భాగాన్ని పట్టి ఉంచే సాధనాలు) రోజూ మారే చోట ఇలాంటి స్క్రిప్టు తెలిసినవాళ్ళ విలువ త్వరగానే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో పోలిస్తే మాత్రం ఈ ఖాళీలు తక్కువ, అది నీకు దాచను.

క్యాడ్ సర్టిఫికెట్ కోర్సుకి డబ్బు కట్టొద్దు. ఆ బ్రాకెట్‌నే బాగుచెయ్యి. స్లాట్ వెడల్పు మార్చి, ఫిల్లెట్ ఎడ్జ్ మీదుగా రంధ్రం కొట్టి, చివరికి ఆ ఎడ్జే మాయమయ్యేలా చేసి, మూడుసార్లూ స్క్రిప్టు ఏం చేస్తుందో చూడు. ఎడ్జ్ లేనప్పుడు తప్పు చోట ఫిల్లెట్ వేయకుండా, లేదని చెప్పి ఆగాలి. ఈ మూడింటినీ చిన్న వీడియోగా తీసి రెజ్యూమెకి జతచెయ్యి. ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి అదొక్కటి చాలు.

నాన్నగారితో వాదన పెట్టుకోకు. బ్యాంకు పీఓ పరీక్షకి జనరల్ వాళ్ళకే 30 ఏళ్ళ దాకా వయసుంది. ఈ ఏడాది దీనికివ్వమని అడుగు. కోడ్ చూపిస్తే ఆయనకి అర్థం కాకపోవచ్చు, కొలత మార్చి బ్రాకెట్ దానంతటదే సరిగ్గా మారడం ఆయన ముందు చేసి చూపించు.