పెద్దల్లో పెట్టే ముందు ఒక పరీక్ష చేయించండి

ప్రశ్న: మాది గాజువాక. పెళ్లయి పద్నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. నా భార్యకు 38 ఏళ్లు. రెండేళ్లుగా మనిషే మారిపోయింది. చిన్న మాటకే కంచం విసిరేస్తుంది, తర్వాత గంటసేపు ఏడుస్తుంది. రాత్రి రెండింటికి లేచి వంటిల్లు సర్దుతుంది. చీటీల లెక్కలన్నీ నోటితో చెప్పే మనిషి, పిల్లాడి ఫీజు కట్టిందో లేదో మర్చిపోతోంది. పొట్ట, మొహం బాగా లావయ్యాయి, బీపీ వచ్చింది. కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేనంటుంది, పని తప్పించుకోడానికేనని మా అమ్మ అనుమానం. ఎక్కడ తగిలినా ఒళ్లు కమిలిపోతోంది. మానసిక వైద్యుడి మాత్రలు ఆరు నెలలుగా వాడుతున్నా పెద్ద తేడా లేదు. ఈమధ్య ‘నేను పోతే మీకు పీడ వదులుతుంది’ అంటోంది. నెలాఖరుకి బావమరుదుల్ని పిలిచి పెద్దల్లో పెడదామనుకుంటున్నాను. కొన్నాళ్లు విడిగా ఉంటే మంచిదా?

జవాబు: ముందు ఆవిడ ఈమధ్య అంటున్న ఆ మాట సంగతి చూడండి. దాన్ని బెదిరింపు అనుకోవద్దు. చనిపోవాలనిపిస్తోందా అని ఇవాళే, పిల్లలు లేనప్పుడు, నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. 14416 టెలి మానస్ నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక మీరు పెద్దగా పట్టించుకోని రెండు వాక్యాల దగ్గరే నేను ఆగిపోయాను. కింద నుంచి లేవలేకపోవడం, ఊరికే కమిలిపోవడం. బాధలో ఉన్న మనిషి లావు కావచ్చు, చిరాకు పడొచ్చు, మర్చిపోవచ్చు. కానీ తొడల్లో బలం తగ్గడం, చర్మం పలచబడి కమలడం, పొట్టా మొహమూ ఉబ్బడం, బీపీ, వీటన్నిటితో పాటు స్వభావం మారడం కలిసి వస్తే వైద్యులు కుషింగ్స్ సిండ్రోమ్ అనే జబ్బును అనుమానిస్తారు. పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలున్నాయేమో, నెలసరి తప్పుతోందేమో ఆవిడనే అడగండి.

మూత్రపిండాల మీద టోపీల్లా ఎడ్రినల్ గ్రంథులు రెండుంటాయి. అవి కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. మామూలుగా అది తెల్లవారుజామున పెరిగి అర్ధరాత్రికి బాగా తగ్గుతుంది. ఒంట్లో కార్టిసాల్ చాలాకాలం మోతాదు మించి ఉంటే వచ్చేదే కుషింగ్స్. గ్రంథిలో గడ్డ పుట్టి అదే పనిగా కార్టిసాల్ వదులుతుంటే రాత్రికి కూడా తగ్గదు, నిద్ర పట్టదు. జ్ఞాపకాలకు ఆధారమైన హిపోకాంపస్ అనే మెదడు భాగం మీద కూడా దాని దెబ్బ పడుతుంది. దిగులు, కోపం, మతిమరుపు ఈ జబ్బులో సాధారణం. కొందరిలో ఒంటి లక్షణాల కంటే ఇవే ముందు బయటపడతాయి, అందుకే ‘టెన్షన్’ అనే మాటతో ఏళ్లు గడిచిపోతాయి. ఇదే గ్రంథిలో వచ్చే ఇంకో రకం గడ్డ అడ్రినలిన్ లాంటి హార్మోన్లను వదులుతుంది. దానికి గుండెదడ, చెమటలు, తలనొప్పి విడతలు విడతలుగా వస్తాయి, చూసినవాళ్లు పానిక్ అనుకుంటారు. మీ ఉత్తరంలో ఆ లక్షణాలు లేవు.

ఆవిడకు గడ్డ ఉందని నేననడం లేదు. ఇది అరుదైన జబ్బు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్లా రావచ్చు. మన దగ్గర ఎక్కువగా కనబడే కారణం బయటి నుంచి వెళ్లే, కార్టిసాల్ లాగే పనిచేసే స్టెరాయిడ్ మందు. మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి ఎవరో ఇచ్చిన పేరులేని పొడులు, మందుల షాపులో అడిగి కొన్న మాత్రలు, తెల్లబడే క్రీములు ఏవైనా వాడుతోందా? ఉంటే డబ్బాతో సహా తీసుకెళ్లండి. సొంతంగా మాత్రం ఆపేయకండి, స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. మానసిక వైద్యుడి మాత్రలు కూడా సొంతంగా ఆపొద్దు.

విశాఖ కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగముంది. మూడేళ్ల కిందటి ఫోటో ఒకటి పట్టుకెళ్లండి, మొహంలో మార్పు వైద్యుడికి అందులోనే తెలుస్తుంది. తరచూ మొదట చేసే పరీక్ష చిన్నదే. రాత్రి పదకొండు, పన్నెండు మధ్య ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర వేసుకుని, పొద్దున ఎనిమిదింటికి రక్తం ఇవ్వాలి. అప్పటికి కార్టిసాల్ డెసిలీటరు రక్తానికి 1.8 మైక్రోగ్రాముల లోపు ఉంటే సాధారణంగా ఈ జబ్బు కాదంటారు. గర్భనిరోధక మాత్రలు, కొన్ని ఫిట్స్ మందులు ఈ లెక్కను తారుమారు చేస్తాయి, తీవ్రమైన డిప్రెషన్ కూడా కార్టిసాల్‌ను కొంత పెంచుతుంది. కాబట్టి రిపోర్టును ఫోన్లో వెతికి తేల్చుకోవద్దు.

ఒకవేళ ఎడ్రినల్ గడ్డే అయితే ఆపరేషన్‌తో తీసేస్తారు. ఆ మర్నాటికే పాత మనిషి వచ్చేస్తుందనుకోకండి. పనిలేక నిద్రపోయిన రెండో గ్రంథి లేచేదాకా నెలల తరబడి కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మాత్రలు వాడాలి. ఆ కాలంలో నీరసం, దిగులు ఇంకా ఉంటాయి. జ్ఞాపకశక్తి మెల్లగా కుదురుకుంటుంది, కొందరికి పూర్తిగా రాదు. ఆ రోజుల్లో ‘ఆపరేషన్ అయింది కదా, ఇంకేంటి’ అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

విడిగా ఉండటం గురించి ఇప్పుడు నిర్ణయించకండి. పరీక్షల్లో ఏమీ లేదని తేలితే, ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు రండి, అప్పుడు కంచం విసిరిన సంగతీ మాట్లాడదాం. జబ్బు ఉన్నా లేకపోయినా పిల్లలు భయపడ్డారన్నది నిజం, దాన్ని కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. అమ్మగారు సింహాచలం తీసుకెళ్తానంటే వెళ్లనివ్వండి, పరీక్ష తేదీ మాత్రం మార్చకండి. బావమరుదులకు ఫోన్ చేయండి, పంచాయితీకి కాదు. ఆసుపత్రికి వెళ్లే రోజు పిల్లల్ని చూసుకోడానికి ఒకరిని రమ్మనండి.