యాహ్యా సిన్వార్ ఎవరు, ఎట్లా చనిపోయిండు? అష్కెలాన్‌లో పనిచేసినదానిగా నాకు తెలిసింది

గాజాను ఏలిన హమాస్ అనే పాలస్తీనా సాయుధ సంస్థ నాయకుడు సిన్వార్‌ని ఒకరు వీరుడంటున్నరు ఇంకొకరు రాక్షసుడంటున్నరు, అసలు కథేంది అని చాలామంది అడుగుతరు. నేను జగిత్యాల వైపు నుంచి పోయి ఇజ్రాయెల్‌లోని అష్కెలాన్‌లో కేర్‌గివర్‌గా, అంటే ఇంట్ల ముసలోళ్లని చూసుకునే పని చేసిన, ఆయన పేరు అక్కడ ప్రతి ఇంట్లో వినపడేది, అందుకే రాస్తున్న.

చాలామందికి తెల్వని సంగతి ఏంటంటే సిన్వార్ వాళ్ల అమ్మానాన్నలది గాజా కాదు, మజ్దల్ అనే ఊరు. 1948 యుద్ధంలో ఆ ఊరోళ్లు చాలామంది గాజాకి పోయిన్రు, మిగిలినోళ్లని 1950లో పంపించేసిన్రు. ఆ మజ్దలే ఇప్పుడు అష్కెలాన్‌లో కలిసిపోయింది. నేను చూసుకునే పెద్దామెని వీల్‌చైర్‌లో తీస్కపోయే పాత బజార్ల వాళ్ల పెద్ద మసీదు బిల్డింగ్ ఇంకా ఉంది, మ్యూజియం చేసిన్రు. గాజా అక్కడికి ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. ఆయన పుట్టింది మాత్రం 1962లో, ఖాన్ యూనిస్ శరణార్థి శిబిరంలో.

తర్వాతి కథంతా జైలే. ఇజ్రాయెల్‌కి సమాచారం ఇస్తున్నరనే అనుమానంతో పాలస్తీనావాళ్లనే చంపిన కేసుల 1989లో నాలుగు యావజ్జీవాలు పడ్డయి. లోపల హీబ్రూ నేర్చుకుండు, ఇజ్రాయెల్ పేపర్లు చదివి వాళ్లు ఎట్లా ఆలోచిస్తరో పట్టుకుండు. 2004లో మెదడుల గడ్డ వస్తే ఇజ్రాయెల్ డాక్టర్లే ఆపరేషన్ చేసి బతికించిన్రు. ముందుగా లక్షణాలు చూసి అనుమానపడ్డది జైలు డెంటిస్ట్ యువాల్ బిట్టన్, 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన దాడిల ఆ డెంటిస్ట్ మేనల్లుడే పోయిండు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపుల దేవినట్టు అయితది.

2011లో హమాస్ దగ్గర బందీగా ఉన్న గిలాద్ షాలిత్ అనే ఒక్క సైనికుడి కోసం ఇజ్రాయెల్ 1,027 మంది ఖైదీలని వదిలింది, అందుల సిన్వార్ ఒకడు. 2017లో గాజాలో హమాస్ పెద్ద అయిండు. అక్టోబర్ 7న దాదాపు 1,200 మందిని చంపి 251 మందిని ఎత్తుకపోయిన్రు, అందుల పసిపిల్లలున్నరు, పొలాల్లో పనికి వచ్చిన థాయ్‌లాండ్ కూలీలున్నరు.

అష్కెలాన్‌లో రాకెట్ వస్తుందని సైరన్ మోగితే దాక్కునేటందుకు 30 సెకన్లే టైమ్. మేముండే పాత బిల్డింగ్‌ల ఇంట్లో కాంక్రీట్ గది లేదు, పెద్దామెని మంచం మీద నుంచి లేపి చైర్ల కూర్చోబెట్టేసరికే ఆ టైమ్ అయిపోయేది, ఇంక మెట్లు ఎక్కడ దిగుతం, లోపలి గోడకి ఆనించి ఆమె మీద వంగి కూర్చునేదాన్ని. 2021 మేలో ఇదే ఊర్ల రాకెట్ పడి కేరళ నుంచి వచ్చిన కేర్‌గివర్ చనిపోయింది. మాలాంటోళ్లని వీరుల లెక్కల ఎవరు రాసుకుంటరు?

సిన్వార్ చావు 2024 అక్టోబర్ 16న, గాజా దక్షిణాన ఉన్న రఫాలోని తల్ అల్ సుల్తాన్‌లో. స్పెషల్ ఆపరేషన్ ఏం కాదు, మామూలుగా తిరుగుతున్న ఇజ్రాయెల్ సైనికులకి ఎదురుపడ్డడు. కూలిన ఇంట్ల దుమ్ముకొట్టుకపోయిన సోఫాల కూర్చుని, చేతికి దెబ్బ తగిలి, లోపలికొచ్చిన డ్రోన్ మీదికి కట్టె విసిరిండు, ఆ వీడియో మీరంతా చూసే ఉంటరు. జైలు రికార్డుల్లోని పళ్ల వివరాలు, వేలిముద్రలు, డీఎన్‌ఏతో శవం ఆయనదే అని తేల్చిన్రు.

ఆ కట్టె చూసి వీరుడు అనేటోళ్లకి నేను చెప్పేది ఒకటే, ఊరు పోగొట్టుకున్న బాధ నిజం, గాజా జనం పడ్డది నిజం, కానీ దానికి బదులు నిద్రల ఉన్న కుటుంబాల మీద పడుడు కాదు. ఆయన చనిపోయేనాటికే గాజాలో 42 వేల మందికి పైగా పోయిన్రని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క, వాళ్లనెవ్వరూ అడిగి యుద్ధం మొదలుపెట్టలే. ఇక ఆయన పోతే ఆగిపోతదని మా బిల్డింగోళ్లు అనుకున్నరు, ఆగలే, ప్రాణాలతో మిగిలిన చివరి బందీలు బయటికి వచ్చేసరికి 2025 అక్టోబర్ 13 అయింది.