తెల్ల కారు మెరుపు కోసం తాళం అప్పగించే ముందు

ప్రశ్న: మా తెల్ల కారు కొని నాలుగేళ్లయింది. ఎంత కడిగినా వెలిసిపోయినట్టే ఉంటోంది. పక్కింటివారి నల్ల కారులో చూస్తే మొహం కనిపిస్తుంది. అలాంటి లోతైన మెరుపు రావాలంటే ఏ పాలిషింగ్ మిషను కొనాలి? బ్యాటరీతో నడిచేవి ఆన్‌లైన్‌లో చవకగానే దొరుకుతున్నాయి.
– ఒక పాఠకుడు, తిరుపతి

రేణిగుంట నుంచి, చంద్రగిరి నుంచి, చిత్తూరు నుంచి ఇదే ప్రశ్న మాటలు మార్చుకుని వస్తూనే ఉంది. అందరూ మిషను పేరే అడుగుతున్నారు. ముందుగా ఒక చేదు మాట చెప్పాలి. నల్ల కారులో కనిపించే లోతు తెల్ల కారుకు రాదు, ఎవరు ఎంత సొమ్ము తీసుకుని హామీ ఇచ్చినా రాదు. రంగుకు పైన ఉండే పారదర్శకమైన పొరను క్లియర్ కోట్ అంటారు. తన మీద నేరుగా పడిన వెలుతురులో సుమారు 4 శాతాన్ని అది అద్దంలా తిప్పి పంపుతుంది. కారు ఏ రంగుదైనా ఈ లెక్క ఒకటే. నలుపు మిగతా వెలుతురును మింగేస్తుంది కాబట్టి ఆ 4 శాతమే కంటికి ఆనుతుంది. తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి మిగతాదంతా నలువైపులా వెదజల్లుతుంది, ఆ వెలుగులో 4 శాతం ఎక్కడో మునిగిపోతుంది. ముత్యపు తెలుపు కొన్నవారు కొంత అదృష్టవంతులు. మధ్య పొరలోని అభ్రకపు రేణువుల వల్ల ఎండలో దానికి కాస్త నిగారింపు ఉంటుంది.

మామూలు తెలుపుకు దక్కేది మచ్చలేని మెరుపు. అది సగానికి పైగా శుభ్రతతోనే వస్తుంది. కారు కడిగి ఆరాక పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమిరి చూడండి. గరగరలాడితే షాంపూకు లొంగని మురికి పట్టి ఉన్నట్టే. తలుపుల కింది భాగంలో, డిక్కీ మీద కళ్లు దగ్గరగా పెట్టి చూస్తే సూదిమొనంత నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయి. బ్రేకులు అరిగి రాలిన ఇనుప రజను రంగుకు అంటుకుని అక్కడే తుప్పు పట్టిందన్నమాట. రైలు పట్టాల పక్కన బండి నిలిపేవారికి, తిరుమల ఘాట్‌లో బ్రేకు మీద కాలు తీయకుండా దిగేవారికి ఈ బెడద ఎక్కువ. గేరు తగ్గించి దిగితే బ్రేకులకూ మంచిది, రంగుకూ మంచిది.

ఐరన్ రిమూవర్ అనే ద్రావకం తెచ్చి నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు చల్లండి. ముక్కు మూసుకోవలసినంత వాసన వస్తుంది. రెండు మూడు నిమిషాల్లో చుక్క చుక్క దగ్గరా ఊదారంగు ధారలు కారతాయి. ఆరిపోకముందే కడిగేయాలి. ఇంకా గరుకు మిగిలితే సబ్బు నీళ్లు చల్లుకుంటూ క్లే బార్ అనే మెత్తటి బంకముద్దతో తేలిగ్గా రుద్దాలి. ఆ ముక్క నేల మీద పడితే పారేయండి. దులిపి మళ్లీ వాడేవారు నాకు ఉత్తరాలు రాయకండి.

ఇక మిషను. మీరు చూసిన ఆ చవక రకం మైనం పూయడానికి పనికొస్తుంది కానీ గీతలు తీయలేదు. కొంటే డ్యూయల్ యాక్షన్ రకం కొనండి. దాని చక్రం తిరుగుతూనే అటూ ఇటూ కదులుతుంది కాబట్టి ఒకేచోట వేడి పుట్టి రంగు కాలే ప్రమాదం తక్కువ. తెల్ల కారు మీద సన్నగీతలు పగలు కనిపించవు. రాత్రి ఫోను టార్చిని ఏటవాలుగా పట్టి చూసి, ఉన్నచోట మాత్రమే పట్టండి. క్లియర్ కోట్ మందం చాలా కార్లలో 40, 50 మైక్రాన్లకు మించదు, తల వెంట్రుక కంటే పలచన. ప్రతి పాలిషూ అందులో కొంత తినేస్తుంది. చాలా పాత కార్లకు ఈ పొరే ఉండదు. రుద్దితే గుడ్డకు తెల్లరంగు అంటిందంటే మీది ఆ రకమే.

రంగు మందం కొలిచే మీటరు కొనాలనుకుంటే అది లోహం మీదే పని చేస్తుంది, ప్లాస్టిక్ బంపరు మీద అంకె చూపదని గుర్తుంచుకోండి. ఈ మీటర్లలో కొన్ని బ్లూటూత్‌తో వస్తున్నాయి. రంగు మందం చెప్పడానికి వాటి యాప్‌కు నా కాంటాక్టులు ఎందుకో నాకు అర్థం కాదు. తెర మీద అంకె చూపే మామూలు మీటరు చాలు.

నీళ్ల గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్పక తప్పదు. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదేరి ఉంటాయి. అది చాలదన్నట్టు, వృథా కాకూడదని ఆర్వో మిషను వదిలేసే నీళ్లు పట్టి ఉంచి కారు కడుగుతారు. బోరు నీళ్లలోని లవణాలన్నీ చిక్కబడి చేరేది ఆ నీళ్లలోనే. ఆరగానే తెల్లటి వలయాలు కట్టి మెరుపును చంపుతాయి. ఆ నీళ్లతో వాకిలి కడగండి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే, పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. మిషన్ల కంటే ముందు కొనవలసిన పరికరం అదే.

దుకాణాలవారు పంపే ‘ముందు, తర్వాత’ ఫోటోలు చూసి మోసపోకండి. తెల్ల కారును ఫోను కెమెరా ఎప్పుడూ సరిగ్గా పట్టదు. తెర నిండా తెలుపు కనిపిస్తే వెలుతురు తగ్గించి బూడిదరంగు చేస్తుంది. వెనక చీకటి గోడ ఉంటే అదే కారు ధగధగలాడుతుంది. ఆ పైన ఫోనే తనంతట తాను ఫోటోకు మెరుగులు దిద్దుతుంది. రంగు మీద రక్షణ పొరగా పూసే సిరామిక్ కోటింగ్ డబ్బా మీద రాసే ‘9హెచ్’ కూడా అలాంటిదే. అది పెన్సిలుతో గీసి చూసే పరీక్షలో కొలమానం. దాన్ని వజ్రం కాఠిన్యానికి పదిలో తొమ్మిది వంతులు అన్నట్టు చెప్పి అమ్ముతున్నారు. కోటింగ్ వేస్తే నీళ్లు నిలవవు, కడగడం తేలికవుతుంది. గీతలు పడకుండా మాత్రం ఆపలేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. కోటింగ్ అంటే కారును రెండు మూడు రోజులు దుకాణంలో వదిలి తాళం ఇచ్చి వస్తారు. ఆ తాళంతో ఏమేమి అప్పగిస్తున్నారో ఎప్పుడైనా ఆలోచించారా? బ్లూటూత్ కలిపిన రోజున కారు తెర మీ కాంటాక్టులు, కాల్స్ జాబితా అడిగింది, మీరు ‘సరే’ అన్నారు. చాలా కార్లు వాటిని తమ దగ్గరే దాచుకుంటాయి. మ్యాప్‌లో ‘ఇల్లు’ అని మీ చిరునామా ఉంది. ముందు అద్దానికి బిగించే కెమెరా, అదే డాష్‌క్యామ్, దాని కార్డులో దారితో పాటు కారులో మీరు మాట్లాడిన మాటలు కూడా ఉండవచ్చు. ఇంటి చిరునామా తెలిసి, ఇంట్లో ఎవరూ ఉండని వేళలు తెలిసి, మీ అమ్మగారి నంబరు తెలిసినవాడికి ఇక కావలసింది ఏముంది? దుకాణంవారంతా దొంగలని అనడం లేదు. అక్కడికి వచ్చిపోయేవారందరినీ మీరు ఎరగరు కదా.

ఫోనుకు తాళం లేకపోతే ఊరుకోని మనం కారు తెరకు తాళం ఎందుకు అడగం? లక్షలు పోసి కొన్న కారులో నాలుగంకెల పిన్ పెట్టుకునే వీలు లేకపోవడం, ఉన్నా దాన్ని మూడు మెనూల అడుగున పాతిపెట్టడం తయారీదారుల నిర్లక్ష్యమే. అప్‌డేట్ పేరుతో పాటల పేజీ రంగులు మారుస్తారు, కారు వేరొకరికి ఇచ్చినప్పుడు మన వివరాలు దాచే వాలే మోడ్ మాత్రం రాదు. కారు ఇచ్చే ముందు బ్లూటూత్ జాబితాలోంచి మీ ఫోనును, దానితో వచ్చిన కాంటాక్టులను తొలగించండి. ‘ఇల్లు’ చెరిపేయండి. డాష్‌క్యామ్ కార్డు తీసి జేబులో వేసుకోండి. ఫోను నుంచే తలుపు తెరిచే యాప్ ఉంటే దాని పిన్ ఎవరికీ చెప్పకండి, కారు తిరిగి వచ్చాక అందులో కొత్త పేరేదైనా చేరిందేమో చూడండి. ఆర్‌సీ అసలు ప్రతిని అరలో ఉంచే అవసరం 2018 నుంచే లేదు. డిజిలాకర్‌లోనో ఎం-పరివాహన్‌లోనో చూపితే చాలు.

ఆ తర్వాత వచ్చేది వారంటీ నమోదు పేరుతో వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోనులో యాప్‌ను ఎక్కించేది. దుకాణం పేరుతో వచ్చినా దాన్ని తెరవకండి. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగి ఓటీపీలు లాగే ఫైళ్లు చలానా పేరుతో, ఫాస్టాగ్ కేవైసీ పేరుతో తిరుగుతూనే ఉన్నాయి. అలిపిరిలో 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి, కాబట్టి కొండకు బయలుదేరే హడావిడిలో ఆ పేరు చూసి కంగారుగా నొక్కడం సులువు. వారంటీ కావాలంటే కాగితం మీద సంతకం, ముద్ర అడగండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, మర్నాటి దాకా ఆగకండి.

ప్రశ్న: మాకు గ్రానైటు పని ఉంది. రాయికి మెరుగు పెట్టే మిషనుతో కారుకు పాలిష్ పట్టవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

వద్దు. దానికి తగిలించేవి వజ్రపు రజను ప్యాడ్లు. రాయిని అరగదీసేది మీ క్లియర్ కోట్‌ను లెక్కచేయదు, క్షణాల్లో రేకు బయటపడుతుంది. దానికే స్పాంజి బిగిస్తామనేవారు ఉన్నారు. వేగం, బరువు రెండూ కారు రంగుకు తగినవి కావు.

ప్రశ్న: కాణిపాకంలో కొత్త కారుకు పూజ చేయించాం. తెల్ల బానెట్ మీద పసుపు, కుంకుమ మరకలు పోవడం లేదు. ఏదైనా కెమికల్ చెప్పండి.
– ఒక పాఠకురాలు, పలమనేరు

పసుపుకు కెమికల్ అక్కరలేదు. అందులోని కర్‌క్యుమిన్ ఎండకు నిలవదు. షాంపూతో కడిగి నాలుగు రోజులు ఎండలో నిలిపితే దానంతటదే వెలిసిపోతుంది. కుంకుమ అంత తేలిగ్గా పోదు, ఇప్పటి కుంకుమలో చాలావరకు కృత్రిమ రంగులే. పొడిగా ఉండగా గుడ్డతో రుద్దకండి, నలుసులు గీతలు పెడతాయి. ముందు నీళ్లతో పొడి అంతా జారనిచ్చి, మిగిలినచోట మెత్తటి గుడ్డతో కొంచెం పాలిష్ చేత్తోనే పట్టండి. మిషను అక్కరలేదు. ఇకమీదట బొట్టు అద్దం మీద పెట్టమని పూజారిగారిని అడగండి, కాదనరు.