అల్లుడూ, బయానా ఇచ్చే ముందు

పాలకొల్లు

అల్లుడూ,

నువ్వు కొంటానంటున్న ఆ పాత అబార్త్ పుంటో కారు ఫోటోలన్నీ చూశాను. ఎర్ర రంగు బాగుంది, అబార్త్ గుర్తు తేలు బొమ్మ బాగుంది, కింద నువ్వు రాసిన కవిత్వమూ బాగుంది. మీ అత్త కూడా కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇంత చిన్న బండికి ఆరున్నర లక్షలా? వెనక సీట్లో వదినగారు ఎక్కగలరా?" అంది. రెండో ప్రశ్నకు జవాబు మీ అమ్మకి నువ్వే చెప్పుకో. మొదటిదానికి ఫోన్లో చెప్తే సగం విని "సరే మావయ్యా" అనేసి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. షెడ్డు మీ బావ చూసుకుంటున్నాడు కాబట్టి నాకూ తీరికే.

నువ్వడిగింది ఒక్కటే. "అబార్త్ పుంటో, మాన్యువల్ గేరు, ఇక తయారవదు. పదేళ్లు దాచుకుంటే రేటు రెట్టింపు అవుతుందట, నిజమేనా?" ఆ "అట" అన్నది అమ్మేవాడి మాటే అని నాకు తెలుసు. సరే, రెట్టింపే అయిందనుకో. అదే ఆరున్నర లక్షలు 7 శాతానికి బ్యాంకులో పడేసి నువ్వు నిద్రపోయినా పదేళ్లు దాటేసరికి రెట్టింపవుతాయి. బ్యాంకులో ఉన్న డబ్బుకి టైర్లు మార్చక్కర్లేదు, ఇన్సూరెన్సు కట్టక్కర్లేదు, ఎలుకలు వైరింగు కొరకవు. కాబట్టి లాభం కోసం కొంటున్నానని మాత్రం ఎవరితోనూ అనకు. తోలాలని ఉండి కొంటే అది వేరే సంగతి, దానికి నేనే పక్కన కూర్చుంటాను.

అరుదు అన్న మాట నిన్ను తిప్పేస్తోంది. తక్కువగా దొరకడం వేరు, ఎక్కువమంది అడగడం వేరు. 1990ల చివర్లో గోవాలో శాన్ స్టార్మ్ అని రెండు సీట్ల ఓపెన్ టాప్ బండి తయారు చేశారు. రెనో వాళ్ల 1.2 లీటర్ ఇంజిను, మాన్యువల్ గేరు. అరుదు అంటే అంతకంటే అరుదు ఏముంటుంది? అయినా బేరానికి వస్తే ఎవడైనా ముందు అడిగేది "అద్దం పగిలితే ఎక్కడ తేవాలండీ?" అనే. ఇక యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు చూడు. 1985 నుంచి 1996 దాకా ఊరూరా తిరిగిన బండి. మా షెడ్డు ముందు వరసగా ఆగేవి, ఒకప్పుడు తూకానికి వేసిన వాళ్లూ ఉన్నారు. ఇవాళ కాయితాలు సరిగ్గా ఉన్న ఒరిజినల్ బండి చెప్పు, కొత్త బండి రేటు అడుగుతారు. ఎందుకూ? అప్పట్లో దాన్ని చూసి గుటకలు మింగిన కుర్రాళ్ల చేతిలో ఇప్పుడు డబ్బులున్నాయి. చెరువుల దగ్గర పెరిగినవాడివి, నీకు వేరే చెప్పాలా? 30 కౌంటు రొయ్యకి, అంటే కేజీకి ముప్పై తూగేదానికి, రేటు ఎక్కువే, కానీ ఆ వారం కొనే కంపెనీ రాకపోతే అది గట్టు మీద ఐసులో ఉండే సరుకే.

పరదేశం కథలు చదివి చెప్పావు కదా, అవి అబద్ధాలు కావు. ఫెరారీ 599లో మాన్యువల్ గేరుతో చేసినవి దాదాపు 30. అదే బండి ఆటోమేటిక్ కంటే వాటికి వేలంలో ఎన్నో రెట్లు పలుకుతుంది. కాలిఫోర్నియా అన్న మోడల్ తర్వాత ఆ కంపెనీ మాన్యువల్ పెట్టడమే మానేసింది. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులు వచ్చాక మనిషి చెయ్యి వాటి వేగాన్ని అందుకోలేకపోయింది, అంతే. కానీ పోర్షే సంగతి పూర్తిగా చదువు. 2013లో వాళ్ల జీటీ3ని ఆటోమేటిక్‌తో మాత్రమే ఇచ్చారు. మాన్యువల్ కావాలన్నవాళ్లు గోల పెట్టారు. 2016లో 911 ఆర్ అని మాన్యువల్ బండి 991 మాత్రమే చేసి వదిలారు. చేతులు మారేసరికి దాని రేటు షోరూం ధరకి కొన్ని రెట్లయింది. మరుసటి ఏడాది ఆ కంపెనీయే జీటీ3లో మాన్యువల్‌ని మళ్లీ తెచ్చింది, పైసా ఎక్కువ తీసుకోకుండా. 911 ఆర్ పెట్టుకుని కూర్చున్నవాళ్ల లెక్క తారుమారైంది, రేట్లు దిగాయి. కంపెనీ అనుకుంటే నీ అరుదుని ఒక్క ఏడాదిలో మామూలు చేసెయ్యగలదు, గుర్తుపెట్టుకో.

ఇంకో తిరకాసుంది. అమెరికాలో మాన్యువల్ అంటేనే అరుదు. కారు దొంగకి గేరు వెయ్యడం రాదని జోకులేసుకుంటారు అక్కడ. మన దగ్గర చూస్తే ఆటోమేటిక్కే నిన్నగాక మొన్న వచ్చింది. 2014లో మారుతి సెలేరియోతో ఏఎంటీ అనే తక్కువ ధర ఆటోమేటిక్ గేరు మొదలయ్యేదాకా మన ఊళ్లో అందరిదీ గేరు రాడ్డే. కాబట్టి మన దేశంలో "మాన్యువల్" అన్న ముక్కకి విలువ లేదు. గట్టి పెట్రోలు ఇంజినూ, దానికి మాన్యువల్ గేరూ, రెండూ ఒకే బండిలో దొరకడమే తక్కువ. స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ చూడు. 2000ల్లో వచ్చిన మొదటిది 1.8 టర్బో, మాన్యువల్. 2017లో ఆర్‌ఎస్ 230 వచ్చేసరికి మన దేశానికి ఆటోమేటిక్ మాత్రమే ఇచ్చారు. అందుకే పాతది మంచి స్థితిలో ఉంటే అభిమానులు వెతుక్కుంటూ వస్తారు. నీ అబార్త్, అంటే ఫియట్ పుంటోలో గట్టి ఇంజిను రకం, అదీ ఆ జాతిదే. 2015లో వచ్చింది, 1.4 టీ-జెట్ అనే టర్బో పెట్రోలు ఇంజిను, 145 హార్స్ పవర్, అప్పటి ధర పది లక్షల లోపు, ఆటోమేటిక్ అసలు లేదు. బీఎస్6 పొగ నిబంధనలు రాకముందే ఫియట్ కార్లు మన దేశంలో ఆగిపోయాయి. అడిగేవాళ్లున్నారు, ఒప్పుకుంటాను. అయితే వాళ్లు హైదరాబాదులో, బెంగళూరులో, కేరళలో ఉన్నారు, భీమవరంలో లేరు. ఇక్కడ చెరువులో రొయ్యల పట్టుబడి బాగుంటే ఫార్చ్యూనర్ కొంటారు, లేకపోతే ఉన్న ఇన్నోవా తోలుకుంటారు. అమ్మాలనుకున్న రోజున గిరాకీ నీ గుమ్మంలోకి రాదు, మూడు నెలలైనా ఓపిక పట్టాలి. డబ్బు అవసరమై అమ్మితే సగానికి పోతుంది.

రేటు నిలబెట్టేది ఏమిటంటే, బండి కంపెనీ నుంచి ఎలా బయటికొచ్చిందో అలా ఉండటం. ఇది చెప్పడానికి నాకు సిగ్గే. ఇరవై ఏళ్ల కిందట కుర్రాళ్లు వచ్చి సౌండు కావాలంటే నేనే కొత్త సైలెన్సర్లు బిగించి, ఒరిజినల్‌వి పాత ఇనుముకి కేజీల లెక్కన వేసేశాను. ఇప్పుడు ఆ ముక్కల కోసమే మీ బావకి ఫోన్లు వస్తున్నాయి. కంప్యూటర్ పెట్టి పవర్ పెంచిన బండి అయితే ఇంకా జాగ్రత్త. ఆ పెంచిన పవరంతా ముందు క్లచ్ మీద, తర్వాత గేర్‌బాక్స్ మీద పడుతుంది. అమ్మేవాడు "స్టేజ్ వన్ చేయించాను" అని గొప్పగా చెప్తే నువ్వు మనసులో క్లచ్ సెట్ ఖర్చు తీసెయ్.

ఇంకో మోసం. ఒడిశా ఇలస తెచ్చి పులస అని అమ్మినట్టు, మామూలు పుంటోకి తేలు స్టిక్కర్లు అంటించి అమ్మేవాళ్లున్నారు. సి బుక్కులో మోడల్ పేరు చూడు, ఛాసిస్ నంబరూ ఇంజిన్ నంబరూ బండి మీద వేలితో తడిమి సరిపోల్చు, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులున్నాయో లేదో చూడు.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. నువ్వు వెళ్లేసరికే వేడిగా ఉంటే ఏదో దాస్తున్నట్టు లెక్క. గేర్లు చల్లగా ఉన్నప్పుడే నిజం చెప్తాయి. మూడు నుంచి రెండుకి దింపినప్పుడు గర్రుమంటే లోపల గేర్లని మెత్తగా కలిపే సింక్రో రింగులు అరిగాయి. క్లచ్ సంగతి తేల్చాలంటే ఎత్తు ఎక్కించాలి. మన డెల్టాలో ఎత్తంటే వంతెనే కదా, బండిని ఇటు తెస్తే చించినాడ వంతెన మీదికి ఎక్కిద్దాం. నాలుగో గేరులో 50 మీద పోతూ యాక్సిలేటరు పూర్తిగా తొక్కు. ఇంజిన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. పెడల్ బాగా పైకొచ్చాక గానీ బండి కదలకపోయినా అదే జబ్బు. క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి తోలేవాళ్ల చేతిలో ప్లేటు ఏడాదికే అయిపోతుంది, ఆ బిల్లు నీకు వస్తుంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమను. నోటి మాట వద్దు. బెల్టు తెగితే ఇంజిన్ విప్పాల్సిందే, ఈ ఇంజినుకి సామాను తెప్పించడం అంటే మీ బావ ఫోను పట్టుకుని ఊళ్లన్నీ తిరిగినంత పని.

కార్పెట్ ఎత్తి చూడు. సీటు కింద పట్టాల మీద తుప్పు, సీటు బెల్టు పూర్తిగా లాగితే చివర బురద చారలు కనిపించాయంటే ఆ బండి వరద నీళ్లలో మునిగిందే. 1996 తుఫాను తర్వాత అలాంటివి ఎన్ని వచ్చాయో నా షెడ్డుకి. రంగు వేసి, సెంటు కొట్టి అమ్మేవారు. మన దగ్గర తోలితే మాత్రం తుప్పుతో రోజూ యుద్ధమే. సముద్రం గాలికి తోడు రొయ్యల లారీల నుంచి కారే ఉప్పునీళ్లు రోడ్డంతా ఉంటాయి. వారానికోసారి బండి అడుగు భాగం మంచినీళ్లతో కడగాలి. ఇంకా, ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2016 నాటి బండి రబ్బరు పైపులు దాని కోసం చేసినవి కావు, అవి పగుళ్లిచ్చాయేమో చూపించుకో.

ఇక కాయితాలు. ఇక్కడే నేను దెబ్బ తిన్నది. 2009లో ఇలాగే ఎర్రది, ఫియట్ పాలియో 1.6, వేరే రాష్ట్రం బండి. దాన్ని మన పేరు మీదికి మార్చాలంటే అక్కడి ఆర్టీఓ అభ్యంతరం లేదని ఇచ్చే కాయితం, అదే ఎన్‌ఓసీ, కావాలి. బ్రోకరు "ఎన్‌ఓసీ వారంలో వచ్చేస్తుందండీ, ఆయ్" అన్నాడు. నమ్మి డబ్బంతా ఇచ్చేశాను. తీరా చూస్తే మొదటి ఓనరు తీర్చని అప్పు ఒకటి బండి మీదే ఉంది. ఆ ఫైనాన్సు వాళ్లు క్లియరెన్సు ఇవ్వరు, అది లేనిదే ఎన్‌ఓసీ రాదు, అది రానిదే మన పేరు మీదికి మారదు. రెండేళ్లు కొబ్బరి చెట్టు కింద టార్పాలిన్ కప్పి పెట్టాను. కాయ పడి బానెట్ సొట్ట పోయింది, ఎలుకలు వైర్లు తిన్నాయి, చివరికి విప్పి సామానుగా అమ్మాను. మీ అత్త ఇప్పటికీ కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా ఆ బండి పేరెత్తుతుంది.

కాబట్టి ఎన్‌ఓసీ అంటే ఫారం 28 చేతికి రాకుండా, అప్పు ఉంటే ఫారం 35 మీద ఫైనాన్సు వాళ్ల సంతకం పడకుండా, పేరు మార్పు ఫారాలు 29, 30 మీద అమ్మేవాడు నీ ఎదురుగా సంతకం పెట్టకుండా ఒక్క రూపాయి కదలకూడదు. నువ్వు చూసింది కర్ణాటక బండి. ఇక్కడ ఏడాది దాటి తోలాలంటే మన నంబరు తీసుకోవాలి, వయసుని బట్టి లైఫ్ టాక్సు మళ్లీ కట్టాలి. అదెంతో ముందే లెక్క కట్టించుకుని బేరంలో తీసెయ్. యానాం నంబరు వేయిస్తే టాక్సు కలిసొస్తుందని నీ ఫ్రెండెవడో చెప్పాడన్నావు. యానాంలో ఉండేవాడికి పీవై 04 సరే, నువ్వుండేది హైదరాబాదులో, అమ్మ ఉండేది ఆచంటలో. రోజూ ఎక్కడ ఆపి అడుగుతారోనని టెన్షన్ పడుతూ తోలే బండి మీద ఏం సరదా ఉంటుంది? రేపు కొనేవాడు కూడా ఆ నంబరు చూసి రేటు తగ్గిస్తాడు.

ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు ఐడీవీ, అంటే పాలసీలో రాసే బండి విలువ, తక్కువ వేయించి ప్రీమియం మిగిల్చుకోకు. ఐదేళ్లు దాటిన బండికి ఆ విలువ నువ్వూ కంపెనీ మాట్లాడుకుని వేసుకునేదే. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి మొత్తం పోయినట్టు లెక్కేస్తారు. దొరకని సామాను ఖరీదు ఊరికే ఆ గీత దాటిస్తుంది. అప్పుడు నీ చేతికొచ్చేది నువ్వు వేయించుకున్న ఆ తక్కువ విలువే.

నన్నడిగితే అసలు ఈ బండి వద్దని కాదు. ఐదు లక్షల పైచిలుకుకి దిగితే, ఖర్చులకి పైన లక్షన్నర విడిగా పెట్టుకోగలిగితే, రోజూ ఆఫీసుకి ఇంకో బండి ఉంటే తీసుకో. ఈ మూడింట్లో ఒక్కటి తక్కువైనా 2020 తర్వాతి ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్‌ఐ మాన్యువల్ చూడు. దాని మీద ఎవడూ కవిత్వం రాయడు, కానీ సామాను దొరుకుతుంది, అమ్మితే వారంలో పోతుంది.

శుక్రవారం రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కు. అమ్మేవాడిని శుక్రవారం రాత్రికే బండి విజయవాడ తెచ్చి ఆపి ఉంచమని చెప్పు, మీ బావా నేనూ శనివారం పొద్దున్నే అక్కడికి వస్తాం. నచ్చితే వంతెన దాకా తోలుకొద్దాం. అప్పటిదాకా ఎంత బతిమాలినా, "ఇంకో పార్టీ వస్తోందండీ" అని ఎంత బెదిరించినా బయానా పంపకు.

మీ మావయ్య

తా.క. రెండో తాళం ఉందో లేదో ఇవాళే అడుగు. లేదంటే ఎందుకు లేదో అడుగు.