ఆ అదనపు రోజును ఏం చేయాలి?

ప్రశ్న: మా సంస్థలో చాలా టీమ్‌లు తమ ప్రోగ్రాంలలో వాడే తేదీల లైబ్రరీని, అంటే తేదీల లెక్కలు చేసే ఉమ్మడి కోడ్‌ని, నేను చూసుకుంటున్నాను. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో చెప్పే ఫంక్షన్ మొదటి నుంచీ ఒక రోజు ఎక్కువ చూపిస్తోంది. దాన్ని సరిచేసి విడుదల చేయగానే రెండు టీమ్‌ల లెక్కలు తప్పాయి. తప్పు దిద్దితే నన్నే అంటున్నారు. పాత తప్పునే మళ్లీ పెట్టాలా?

జవాబు: పెట్టండి, ఈరోజే. ఆ పాత లెక్క నిజంగా తప్పే, అందులో మీ వైపే ఉన్నాను. కానీ ఆ టీమ్‌ల కోడ్ తెరిచి చూడండి. మీ ఫంక్షన్‌ని పిలిచిన చోట పక్కనే ఒకటి తీసివేసి ఉండొచ్చు. ఎక్కువ వస్తోందని ఎప్పుడో గమనించి, తమ దగ్గరే సర్దుకుని ఉంటారు. మీరు ఇక్కడ సరిచేసినా అక్కడి తీసివేత పోదు కదా! నిన్నటిదాకా సరైన జవాబిచ్చిన ప్రోగ్రాం ఇవాళ ఒక రోజు తక్కువ చూపిస్తుంది. ఎర్రర్ కూడా రాదు. నాకు టెన్షన్ పుట్టించేది అదే. ప్రోగ్రాం ఆగిపోతే ఎవరో ఒకరు చూస్తారు, తప్పు అంకె మాత్రం చప్పుడు లేకుండా రిపోర్టులోకి వెళ్లిపోతుంది.

ఇంకో సంగతి. సెలవులు లెక్కపెట్టే టీమ్ ఉంటే, 3వ తేదీ నుంచి 5 దాకా అంటే వాళ్లకు రెండు కాదు, మూడు రోజులు. మీరు తప్పనుకున్నదే వాళ్లకు సరైన లెక్క.

వెబ్ పేజీల్లో వాడే జావాస్క్రిప్ట్ భాషలో, సంవత్సరం చెప్పే గెట్‌ఇయర్ అనే ఫంక్షన్ సంగతి ఇలాంటిదే. అది సంవత్సరంలోంచి 1900 తీసేసి ఇస్తుంది. 1999కి 99, 2000కి 100. ముందు 19 అతికించుకున్న పేజీలు 19100 అని చూపించాయి. కొన్ని బ్రౌజర్లలో అదే పేరుతో నేరుగా 2000 వచ్చేది. అక్కడ, పద్ధతిగా 1900 కలుపుకున్నవాళ్లకు 3900 వచ్చింది. చివరికి నిలబడింది గెట్‌ఫుల్‌ఇయర్ అనే వేరే పేరు. పాతది ఇప్పటికీ అలాగే పనిచేస్తోంది.

మీరూ రెండు కొత్త ఫంక్షన్లు రాయండి: చివరి రోజును కలిపేది ఒకటి, కలపనిది ఒకటి. ఆ తేడా పేరులోనే తెలియాలి. పాతదాన్ని పిలిస్తే హెచ్చరిక రావాలి. ‘ఇది పాతబడింది’ అని ఊరుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ కొత్త ఫంక్షన్ వాడాలో, తమ దగ్గరున్న తీసివేతను తొలగించాలని కూడా అందులో చెప్పండి. పాతది ఇచ్చే జవాబు మారితే పట్టిచ్చే ఒక టెస్ట్ రాసి పెట్టండి, రేపు మీ తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ దిద్దకుండా.

పేర్లు పెంచడం ఇష్టం లేకపోతే గో అనే ప్రోగ్రామింగ్ భాష చేసింది చూడండి. 2024లో 1.22 వెర్షన్‌తో లూప్ వేరియబుల్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్‌లో ప్రతిసారీ విలువ మారేది) ప్రవర్తనను మార్చారు. కానీ ఏ గో వెర్షన్ కావాలో చెప్పే గో.మాడ్ ఫైల్లో 1.22 లేదా ఆపై వెర్షన్ రాసుకున్న మాడ్యూళ్లకే, అంటే ఆ ప్రాజెక్టులకే, ఆ మార్పు వర్తిస్తుంది. ఎప్పుడు మారాలో వాడుకునేవాళ్లే తేల్చుకుంటారు.

భద్రతకు సంబంధించిన లోపమైతే ఈ ఓపిక వద్దు. వెంటనే మూసేయండి, ఎవరి కోడ్ ఆగినా సరే.

అందరూ మీ సంస్థలోనే ఉన్నారు కాబట్టి పాత ఫంక్షన్ ఎక్కడెక్కడ వాడుతున్నారో వెతకడం మీ చేతిలోనే ఉంది. ఆ రెండు టీమ్‌లకు కావలసిన మార్పు మీరే రాసి పంపండి. ఒక్కరూ పిలవడం లేదని తేలాక, తర్వాతి మేజర్ వెర్షన్‌లో, అంటే పెద్ద మార్పులతో వచ్చే విడుదలలో, పాతదాన్ని తీసేయండి.