బ్యాంకు గ్యారంటీ (బీజీ) పెట్టాలా, ష్యూరిటీ బాండ్ తీసుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు. చిన్న సివిల్ కాంట్రాక్టర్ని. విజయవాడలో రూ.2.40 కోట్ల డ్రెయిన్ పనికి ఎల్-1గా (అతి తక్కువ ధర వేసినవాడిగా) నిలిచాను. 5 శాతం, అంటే రూ.12 లక్షలు పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ (పని సరిగ్గా పూర్తిచేస్తామన్న హామీ) ఇవ్వాలి. పని 12 నెలలు, ఆపైన డిఫెక్ట్ లయబిలిటీ (లోపాలు బయటపడితే సరిచేయాల్సిన కాలం) 24 నెలలు. నాకు బ్యాంకు లిమిట్ లేదు కాబట్టి మొత్తానికీ ఎఫ్‌డీ వేస్తేనే బీజీ ఇస్తామంటున్నారు. ష్యూరిటీ బాండ్ (బీమా కంపెనీ ఇచ్చే పూచీ పత్రం) తీసుకుంటే డబ్బు ఇరుక్కోదని, పని ఆగినా బీమా కంపెనీయే చూసుకుంటుందని ఒక ఏజెంట్ చెప్పారు. నిజమేనా? ఇంకో సంగతి, సొసైటీలో క్యాషియర్‌గా చేరుతున్న మా బావమరిది జామీను సంతకం పెట్టమంటున్నాడు. పెట్టొచ్చా?

జవాబు: ఏజెంట్ చెప్పిన రెండో మాట తప్పు, దాన్ని నమ్మి సంతకాలు చేయకండి. మీ టిప్పర్‌కి బీమా ఉంటే ప్రమాదంలో నష్టం కంపెనీ భరిస్తుంది. ష్యూరిటీ బాండ్ అలాంటిది కాదు. ప్రీమియం కట్టేది మీరు, రక్షణ డిపార్ట్‌మెంటుకి. మీరు పని మధ్యలో వదిలేస్తే కంపెనీ డిపార్ట్‌మెంటుకి రూ.12 లక్షలు కట్టి, ఆ డబ్బంతా మీ దగ్గర వసూలు చేసుకుంటుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 140, 145 ఆ హక్కు ఇస్తున్నాయి. అది చాలదన్నట్టు బాండ్ ఇచ్చే ముందే మీ చేత ఇండెమ్నిటీ అగ్రిమెంటు (కంపెనీ కట్టినది తిరిగి ఇస్తానన్న ఒప్పందం) కూడా రాయించుకుంటారు. అందులో మీ భార్య సంతకం కూడా అడిగితే, ఆవిడ పేరున ఉన్న ఇల్లూ పొలమూ కూడా ఈ పనికి జవాబుదారీ అవుతాయని తెలిసే పెట్టించండి.

మొదటి మాటలో మాత్రం నిజం ఉంది. ఉదాహరణకి ఒక లెక్క చూద్దాం, రేట్లు మీకు ఇచ్చిన కొటేషన్ ప్రకారం మార్చుకోండి. బీజీ కమీషన్ ఏడాదికి 1.5 శాతం అనుకుంటే రూ.18,000, జీఎస్టీ 18 శాతంతో రూ.21,240. అసలు బరువు అది కాదు. ఎఫ్‌డీలో పెట్టిన రూ.12 లక్షల మీద 7 శాతం చొప్పున ఏడాదికి రూ.84,000 వస్తుంది. ఆ డబ్బు చేతిలో లేక సిమెంటుకీ ఇనుముకీ రెండు రూపాయల వడ్డీకి తెస్తే రూ.2,88,000 పోతుంది. తేడా రూ.2,04,000. అదే బాండ్‌కి 2.5 శాతం ప్రీమియం వేసినా జీఎస్టీతో కలిపి రూ.35,400. కంపెనీ గనక ‘సగానికి ఎఫ్‌డీ తాకట్టు పెట్టండి’ అంటే ఈ లాభంలో సగానికి పైగా కరిగిపోతుంది. అందుకని ప్రీమియం ఎంత అని అడిగే ముందు తాకట్టు ఏం కావాలని అడగండి. కమీషన్ అయినా ప్రీమియం అయినా ఇన్వాయిస్ మీద మీ జీఎస్టీ నంబరు వేయించుకోండి. మీరు మామూలు పద్ధతిలో జీఎస్టీ కడుతుంటే ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది.

ఇంతకీ మీ డిపార్ట్‌మెంటు బాండ్ తీసుకుంటుందా? కేంద్రం 2022 ఫిబ్రవరిలో తన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో బిడ్ సెక్యూరిటీకీ (టెండర్ వేసేటప్పుడు కట్టే ధరావతు) పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీకీ ఇన్సూరెన్స్ ష్యూరిటీ బాండ్‌ని చేర్చింది. ఈ బాండ్ల మీద బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కానీ ఆ ఫైనాన్షియల్ రూల్స్ కేంద్ర ప్రభుత్వ నిబంధనలు. మీకు లెక్కలోకి వచ్చేది మీ టెండర్ డాక్యుమెంటు. సెక్యూరిటీ క్లాజులో డీడీ, ఎఫ్‌డీఆర్ (ఎఫ్‌డీ రసీదు), బీజీ అని మాత్రమే ఉంటే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారికి లెటర్ పెట్టి, జవాబు కాగితం మీద తీసుకోండి. నోటిమాట మీద ప్రీమియం కట్టకండి.

కొత్త కాంట్రాక్టరుకి బీమా కంపెనీ వారంలో బాండ్ ఇచ్చేయదు. మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఐటీ, జీఎస్టీ రిటర్నులు, పూర్తిచేసిన పనుల సర్టిఫికెట్లు, చేతిలో ఉన్న పనుల జాబితా, సిబిల్ అన్నీ చూస్తారు. చేతిలో పనులు మీ శక్తికి మించి ఉన్నాయనిపిస్తే అక్కడే ఆపేస్తారు. ఎల్‌ఓఏలో (పని మీకు ఖాయం చేస్తూ ఇచ్చే లేఖలో) ఇచ్చిన గడువు దాటితే ఈఎండీ (టెండర్‌తో కట్టిన ధరావతు) పోతుంది, బ్లాక్‌లిస్టు ముప్పు కూడా ఉంటుంది. గడువు దగ్గర పడితే ముందు ఎఫ్‌డీ పెట్టి బీజీ ఇచ్చేయండి. తర్వాత బాండ్‌తో మార్చుకోనిస్తారేమో అడగండి.

ఎక్కువమంది దెబ్బతినేది తారీఖుల దగ్గర. కేంద్ర నిబంధన ప్రకారం పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ బాధ్యతలన్నీ, వారంటీతో సహా, తీరాక ఇంకో 60 రోజులు చెల్లుబాటులో ఉండాలి. మీ టెండర్‌లోనూ అంతే ఉంటే 12, 24, ఆపైన 2 కలిపి 38 నెలలు. పని ఆలస్యమై ఈఓటీ (గడువు పొడిగింపు) తీసుకుంటే డిఫెక్ట్ లయబిలిటీ మొదలయ్యే తేదీ జరుగుతుంది, బాండ్ తేదీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు డిపార్ట్‌మెంటు కంపెనీకి ‘పొడిగించండి, లేదా కట్టండి’ అని రాస్తుంది. కాబట్టి ఈఓటీ దరఖాస్తు పెట్టిన రోజే పొడిగింపు ప్రీమియం సంగతి కూడా మొదలుపెట్టండి. బాండ్ మీద లబ్ధిదారు (డిపార్ట్‌మెంటు అధికారి) హోదా, అగ్రిమెంటు నంబరు, మీ ఫర్మ్ పేరు టెండర్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. బాండ్ నమూనాలో ఒక్క వాక్యం మార్చినా హెడ్డాఫీసు లీగల్ వాళ్ల దాకా వెళ్లి రావాలి. ‘మొదటి డిమాండ్‌కే, షరతుల్లేకుండా చెల్లిస్తాం’ అని ఉంటే, మీకూ డిపార్ట్‌మెంటుకీ బిల్లుల తగాదా ఉన్నా కంపెనీ ముందు కట్టేస్తుంది. ఆ తగాదా ఆ తర్వాత మీరు తేల్చుకోవలసిందే.

బ్యాంకు మొహం చూడకుండా కమీషన్ మీద బీజీ ఇప్పిస్తామని ఎవరైనా వస్తే దగ్గరికి రానివ్వకండి. నకిలీ బీజీ బయటపడితే కేసు మీ మీద పడుతుంది.

ఇక బావమరిది సంగతి. జామీనుదారు బాధ్యత అసలు మనిషి బాధ్యతతో సమానం, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 చెప్పేది అదే. సొసైటీ ముందు అతన్ని అడిగి, తర్వాత మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. సెక్షన్ 129లో కొనసాగే జామీనుకి (వరుస లావాదేవీలకు వర్తించే పూచీకి) చట్టమే ఇచ్చిన ఉదాహరణ చూడండి: జమీందారీలో శిస్తు వసూలు చేసే ఉద్యోగి, అతనికి రూ.5,000 మేరకు పూచీ పడ్డ మనిషి. అందులో మీకు పనికొచ్చేది ఆ పరిమితి. మీరూ పత్రంలో ‘రూ. ఇంత వరకే’ అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. ‘క్యాష్ కౌంటర్ విధులకు మాత్రమే’ అని కూడా ఉండాలి. ‘ఏ విధులు అప్పగించినా’ అని ఉంటే రేపు ఎరువుల గోడౌన్ స్టాకు తగ్గినా నోటీసు మీకే వస్తుంది.

సొసైటీ ఒప్పుకుంటే ఇంకా మంచి దారి ఉంది. ఫిడిలిటీ గ్యారంటీ పాలసీ సొసైటీ పేరున తీసుకుంటే, ఉద్యోగి మోసం వల్ల వచ్చిన నష్టం కంపెనీ సొసైటీకి ఇస్తుంది, మీ సంతకంతో పని ఉండదు. లెక్కలో పొరపాటు వల్ల వచ్చిన తరుగు అందులోకి రాదు. ప్రపోజల్‌లో రాసినట్టు ఆకస్మిక తనిఖీలు చేయకపోతే క్లెయిమ్ నిలవడం కష్టం.

అయినా సంతకం తప్పదంటే, సెక్షన్ 130 కింద ముందుముందు లావాదేవీలకు జామీను వెనక్కి తీసుకునే హక్కుని పత్రంలో మీరు వదులుకున్నట్టు లేదని చూసుకోండి. తర్వాత ఎప్పుడైనా అనుమానం వస్తే సొసైటీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అది అందినట్టు రుజువు జాగ్రత్త చేయండి. ఆ నోటీసు సొసైటీకి అందేలోపు జరిగిన లావాదేవీలకు మాత్రం మీ పూచీ అలాగే ఉంటుంది.