మొండి టీబీ రిపోర్టులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పెదనాన్నకూ, అన్నకూ ఇద్దరికీ మందులకు లొంగని టీబీ అన్నారు. అన్నకేమో పాత మాత్రల్లో ఒకటి తీసేసి వేరొకటి కలిపి 6 నెలలు వాడమన్నారు. పెదనాన్నకు అన్నీ కొత్త మందులే, పైగా ఈసీజీలు, రక్తపరీక్షలు. ఒకే ఇంట్లో ఇలా ఎందుకు? – ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: 'లొంగని' అన్న మాట ఒకటే గానీ, ఏ మందుకు లొంగలేదో అది వేరు. టీబీ క్రిమి జన్యుపటంలో సుమారు 44 లక్షల అక్షరాలుంటాయి. క్రిమి రెండుగా చీలేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు మందు పనిచేసే చోట పడితే ఆ క్రిమి బతికిపోతుంది. మామూలు టీబీ మందుల్లో ముఖ్యమైనవి రెండు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్. ఐసోనియాజిడ్‌కు లొంగనిది దాదాపు 10 లక్షల క్రిముల్లో ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది 10 కోట్లలో ఒకటి మందు తగలకముందే ఉంటాయి. ఊపిరితిత్తిలో గుంత పడినవాళ్లకు ఆ గుంతలోనే 10 కోట్ల క్రిములుండొచ్చు. ఒక మందును తప్పించుకున్న క్రిమిని ఇంకొకటి చంపుతుందనే మొదట్లో నాలుగు మందులు కలిపి ఇస్తారు.

మీరు రాసినదాన్ని బట్టి అన్నది ఐసోనియాజిడ్‌కు మాత్రమే లొంగని రకమై ఉండాలి. దానికి రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్, పైరజినమైడ్‌లతో లీవోఫ్లాక్ససిన్ కలిపి 6 నెలలు ఇస్తారు. పెదనాన్నది రిఫాంపిసిన్‌కు లొంగని రకం. మన దేశం 2024లో అనుమతించిన కొత్త పద్ధతిలో బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్ససిన్ కలిపి 26 వారాలు ఇస్తారు. బెడాక్విలిన్ గుండె లయను మార్చగలదు కాబట్టి ఈసీజీ. లినెజోలిడ్ రక్తాన్ని తగ్గించగలదు కాబట్టి రక్తపరీక్ష. అరికాళ్లలో తిమ్మిరి, మంట, చూపు మసకబారడం కనిపిస్తే ఆ రోజే చెప్పండి, వచ్చే నెల చూపించుకుందామని ఆగొద్దు. ముదిరితే నరాల దెబ్బ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

అన్న ఎల్‌పీఏ (క్రిమి జన్యువుల్లో మార్పులు చూసే ల్యాబ్ పరీక్ష) రిపోర్టులో ఇంకొకటి అడిగి తెలుసుకోండి: మార్పు క్యాట్‌-జీ జన్యువులోనా, ఇన్‌హెచ్‌-ఏ లోనా? క్యాట్‌-జీలో 315వ స్థానం మారితే ఐసోనియాజిడ్ మోతాదు పెంచినా సాధారణంగా లాభముండదు. ఇన్‌హెచ్‌-ఏ ముందుభాగంలో మారితే ఎక్కువ మోతాదు పనిచేయొచ్చు, కానీ ఇథియోనమైడ్ అనే మరో టీబీ మందు పనికిరాకుండా పోతుంది. ముందుముందు మందులు మార్చాల్సివస్తే డాక్టరు చూసేది ఇదే. ఆ కాగితం పారేయకండి.

ప్రశ్న: అయితే మా పెదనాన్న నుంచే అన్నకు సోకిందా? (అదే ఉత్తరంలో)

జవాబు: ఈ రిపోర్టులతో తేలదు. పెదనాన్న క్రిమి ఐసోనియాజిడ్‌కు కూడా లొంగనిదై ఉండి, అన్నకు సోకిన తర్వాత పెదనాన్న ఒంట్లో రిఫాంపిసిన్ మార్పు వచ్చి ఉండొచ్చు. లేదా ఇద్దరికీ వేర్వేరు చోట్ల సోకి ఉండొచ్చు. ఇద్దరిలో ఒకే మార్పు కనిపించినా రుజువు కాదు. రిఫాంపిసిన్ విషయంలో, ఆ మందు పనిచేసే చోటైన ఆర్‌పీఓ-బీ జన్యువు 450వ స్థానంలో మార్పు ఎంత మామూలంటే, ఒకరికొకరు సంబంధం లేని రోగుల్లో విడివిడిగా పుడుతూనే ఉంటుంది. తేల్చాలంటే పూర్తి జన్యుపటం చదవాలి. రెండు క్రిముల మధ్య 5 లేదా అంతకన్నా తక్కువ అక్షరాలు తేడా ఉంటే ఈమధ్యే ఒకరి నుంచి ఒకరికి పాకిందని అనుమానిస్తారు, 12 దాటితే సాధారణంగా కాదంటారు. ఏడాదికి అర అక్షరం మారడమే ఎక్కువ మరి. అదలా ఉంచి, ఇంట్లో మిగతా అందరికీ, ముఖ్యంగా చిన్నపిల్లలకు, ఈ వారంలోనే పరీక్ష చేయించండి.

ప్రశ్న: సీబీనాట్‌లో రిఫాంపిసిన్‌కు లొంగదని వచ్చింది. రెండు నెలలకు కల్చర్‌లో లొంగుతుందని వచ్చింది. ఏది నమ్మాలి? – ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: రెండూ నిజం చెప్పి ఉండొచ్చు. కల్చర్ అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి, మందు పెట్టి చూడటం. సీబీనాట్ జన్యువును చూసే యంత్ర పరీక్ష, అది క్రిమికి మందు పెట్టి చూడదు. ఆర్‌పీఓ-బీ జన్యువులో 81 అక్షరాల ముక్కను మాత్రమే చూస్తుంది. ఆ యంత్రంలో పెట్టే మామూలు కార్ట్రిడ్జ్‌లో, మార్పు లేని ముక్కకు అతుక్కునే చిన్న జన్యు తునకలు (ప్రోబ్‌లు) 5 ఉంటాయి, ఒక్కటి అతుక్కోకపోయినా, బాగా ఆలస్యంగా అతుక్కున్నా 'లొంగదు' అని రాస్తుంది. పొరపాటు మూడు చోట్ల వస్తుంది.

కళ్లెలో క్రిములు మరీ తక్కువుంటే ప్రోబ్ ఆలస్యమవుతుంది. రిపోర్టులో క్రిముల మోతాదు 'వెరీ లో' అని ఉందేమో చూడండి; ఉంటే కొత్త కళ్లెతో మళ్లీ చేయించాలి. రెండోది మౌన మార్పు: అక్షరం మారినా ప్రోటీన్ మారదు, మందు పనిచేస్తుంది, ప్రోబ్ మాత్రం అతుక్కోదు. ఇది అరుదు. మూడోది ప్రమాదకరం. 430, 435, 445, 452 స్థానాల్లో కొన్ని మార్పులు నిరోధాన్ని కొద్దిగానే పెంచుతాయి. ద్రవ కల్చర్‌లో అవి 'లొంగుతుంది' అని తప్పించుకుంటాయి, రోగికి మాత్రం మామూలు మందులతో నయం కాకపోవచ్చు. అందుకే కల్చర్ రిపోర్టు చూసి మీ అంతట మీరు పాత మాత్రలకు మారొద్దు. ఏ అక్షరం మారిందో జన్యు సీక్వెన్సింగ్‌లో (జన్యువును అక్షరం అక్షరం చదివే పరీక్షలో) చూడమని డాక్టరును గట్టిగా అడగండి. ఇంకో మాట, 81 అక్షరాల బయట 491వ స్థానంలో మార్పు ఉంటే సీబీనాట్‌కు అసలు కనబడదు. మందు వాడుతున్నా దగ్గు, జ్వరం తగ్గకపోతే 'రిపోర్టు బాగుంది కదా' అని ఊరుకోకూడదు.

ప్రశ్న: దగ్గుకు మెడికల్ షాపులో లీవోఫ్లాక్ససిన్ ఇచ్చారు, కొంత తగ్గింది. టీబీ కాదన్నట్టేనా? – తిరుపతి

జవాబు: అలా అనుకోవద్దు, ఆ మాత్ర దయచేసి ఆపండి. ఈ మందు టీబీ క్రిమిని కొంత అణుస్తుంది, అందువల్ల తగ్గినట్టుంటుంది, పరీక్షలో క్రిమి కూడా దొరక్కపోవచ్చు. ఒంటరిగా వాడితే జైర్‌-ఏ జన్యువులో 90 లేదా 94వ స్థానం మారిన క్రిములు మిగులుతాయి. మొండి టీబీకి పెద్ద ఆసరా అయిన ఆ మందుల జాతి మొత్తం మీకు చేజారుతుంది. షాపువాళ్లు దీన్ని చిల్లర మాత్రలా అమ్మడం చాలా తప్పు.

రేపే కళ్లె పరీక్షకు ఇవ్వండి. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, మంచినీళ్లతో నోరు పుక్కిలించండి. ఆరుబయట నిలబడి రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి 2 నుంచి 5 మిల్లీలీటర్లు డబ్బాలో వేయండి. నీళ్లలాంటి ఉమ్మి పనికిరాదు, చిక్కగా ఉండాలి. మూత బిగించి, ఎండ తగలకుండా అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి. వాడిన మాత్ర పేరు, ఎన్ని రోజులు వాడారో అక్కడ చెప్పడం మరవద్దు.